డబ్బు కట్టి తెచ్చుకున్న డిక్షనరీ యాప్, దాంట్లో దొరికిన ‘నిక్’

సంక్రాంతికి డిస్కౌంట్ కనబడితే ఒక ఇంగ్లీషు డిక్షనరీ యాప్‌కి ఏడాది చందా కట్టాను, పేరు చెప్పను, కింద తిట్లు కూడా ఉన్నాయి. అర్థాల కోసమైతే ఫ్రీ యాప్‌లే చాలు. మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకునే పిచ్చి ఉంటేనే దీని జోలికి వెళ్లండి.

మొదట ‘బీట్‌నిక్’ కొట్టాను, అంటే 1950ల అమెరికాలో లోకం పద్ధతుల్ని లెక్కచేయకుండా తిరిగిన కుర్రకారు. 1958 ఏప్రిల్ 2న శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్‌లో హెర్బ్ కేన్ అనే కాలమిస్టు వాడాడట. చివర ఉన్న ‘నిక్’ మీద నొక్కితే దానికో పేజీ ఉంది, ఇక ఆ రాత్రి నిద్ర లేదు. రష్యన్‌లో అది మామూలు ప్రత్యయమే, యిడ్డిష్ మాట్లాడే యూదులతో అమెరికా చేరాక వెటకారం అంటుకుంది. ‘నుద్నిక్’ అంటే బుర్ర తినేవాడు. మన తిండిపోతు, వదరుబోతుల్లో ‘పోతు’ లాంటిదన్నమాట.

‘నిక్’కి అసలు గిరాకీ 1957 అక్టోబర్ 4న సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాకే. ఆ మాటకి తోటి బాటసారి అని అర్థం, మధ్యలోని ‘పుత్’ అంటే దారి, మన ‘పథం’ దానికి దూరపు చుట్టం. నెల తిరిగేసరికి రెండో స్పుత్నిక్‌లో లైకా కుక్కని పంపితే అమెరికా పేపర్లు ‘మట్‌నిక్’ అన్నాయి, ‘మట్’ అంటే ఊరకుక్క. డిసెంబర్ 6న వాళ్ల సొంత రాకెట్ వ్యాన్‌గార్డ్ నాలుగడుగులు లేచి కూలబడి పేలిపోయేసరికి ఫ్లాప్‌నిక్, కపుట్‌నిక్ (‘కపుట్’ అంటే పాడైపోయింది అని), స్టేపుట్‌నిక్! ఈ చివరిదానికి నేను పడీ పడీ నవ్వాను, దారి అనే రష్యన్ ముక్కని పట్టుకుని ‘కదలకుండా అక్కడే ఉండు’ అనే ఇంగ్లీషులో కలిపేశారు కదా.

‘రెఫ్యూజ్‌నిక్’ పేజీ కూడా బాగుంది. సోవియట్ దేశం వదిలి వెళ్లడానికి అనుమతి దొరకని యూదుల్ని అలా అనేవారు, ఇప్పుడేమో తానే కాదు పొమ్మనేవాణ్ణి అంటున్నారు.

ఇక తిట్లు. ముందు చిన్న అడ్డగీత (హైఫన్) పెట్టకుండా ‘నిక్’ అని వెతికితే నికెల్, నికరాగ్వా వస్తాయి. ఆ గీత సంగతి యాప్‌లో ఎక్కడా రాసి లేదు, నాకు తట్టడానికి వారం పట్టింది. నెట్ లేకపోతే పేజీ తెరుచుకోదు, రైల్లో దండగ. రెండుసార్లు మెయిల్ పెడితే రెండుసార్లూ ‘మీ అభిప్రాయం మాకు ముఖ్యం’ అని అదే జవాబు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. కట్టేవాళ్లు ఆటో రెన్యువల్ ఆ రోజే ఆపేసుకోండి, ఆ బటన్ సెట్టింగ్స్‌లో అట్టడుగున ఉంటుంది.