జాగ్రత్త: ఆ స్మార్ట్ ట్రైనర్ చూపించే వాట్లు కాకిలెక్కలు

ఇంట్లో సైకిల్ తొక్కడానికి స్మార్ట్ ట్రైనర్ (మన సైకిల్‌నే బిగించి ఉన్నచోటే తొక్కే, యాప్‌తో కలిసి పనిచేసే స్టాండు) కొందామనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా "పవర్ మీటర్ ఇందులోనే ఉంది, వేరే కొనక్కర్లేదు" అన్న మాట (పవర్ మీటర్ అంటే మనం తొక్కే శక్తిని వాట్లలో కొలిచేది) చూసి మొగ్గుతున్నవాళ్లు, డబ్బు కట్టేముందు ఇది చదవండి. నేను సరిగ్గా ఆ మాటకే బుట్టలో పడ్డాను. ఐదు నెలలు తప్పుడు అంకెలు పట్టుకుని ట్రైనింగ్ చేశాను.

నేను కొన్నది వెనక చక్రం ఊడదీయకుండా వాడే రకం. ఇరుసును స్టాండులో బిగించి, టైరుకి రోలర్ గట్టిగా ఆనేదాకా మర తిప్పితే చాలు. పెట్టె మీద తాటికాయంత అక్షరాలతో "పవర్ మీటర్ సహా, తేడా ±2 శాతం లోపే" అని ఉంది. దాని పక్కన చిన్న చుక్క గుర్తు కూడా ఉంది. ఆ చుక్క దేనికో నేను చూడలేదు.

మొదటి వారం గాలిలో తేలాను. 20 నిమిషాల టెస్టులో సగటు 274 వాట్లు వచ్చింది. అందులో 95 శాతాన్ని ఎఫ్‌టీపీగా (దాదాపు గంటసేపు నిలకడగా తొక్కగలిగే వాట్లు) తీసుకుంటాం కదా, అంటే 260. నా బరువు 72 కిలోలు కాబట్టి కిలోకి 3.6 వాట్లు! ఆన్‌లైన్ రేసుల్లో ముందు గుంపుతో కలిసి పోతున్నాను. రోడ్డు మీద మాత్రం ఎప్పటిలాగే ఎత్తు ఎక్కేటప్పుడు అందరికంటే వెనక. ఎదురుగాలి అనుకున్నాను, నిద్ర చాలలేదనుకున్నాను. మనల్ని పొగిడే అంకెని అనుమానించాలని ఎవరికి అనిపిస్తుంది చెప్పండి.

చివరికి ఒక ఫ్రెండ్ తన పవర్ మీటర్ పెడల్స్ తెచ్చి చేతిలో పెట్టాడు. "ఒరేయ్, నువ్వు 260 తొక్కేవాడివైతే ఆదివారాలు నీకోసం మేము ఆగాల్సిన పనేముంది? ఇవి పెట్టి చూడు" అన్నాడు. అవి రెండు కాళ్లనీ విడివిడిగా కొలిచే రకం. ముందు నా వైపు తప్పు లేకుండా చూసుకున్నాను. పెడల్స్ యాప్‌లో క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) పొడవు 172.5 మి.మీ. అని ఉంటే నాది 170 కాబట్టి మార్చాను (ఆ కాస్త తేడాకే వాట్లు ఒకటిన్నర శాతం మారతాయి). జీరో ఆఫ్‌సెట్ చేశాను, అంటే బరువు లేనప్పుడు పెడల్స్ సున్నా చూపించేలా సరిచేశాను. ట్రైనర్‌కి పది నిమిషాలు తొక్కి వేడెక్కాక స్పిన్‌డౌన్ చేశాను, అంటే యాప్ అడిగిన వేగం అందుకుని కాళ్లు ఆపేస్తే చక్రం ఎంతసేపటికి ఆగుతుందో అది లెక్కేసుకుంటుంది. టాబ్లెట్‌లో ట్రైనర్ అంకె, హ్యాండిల్ మీది కంప్యూటర్‌లో పెడల్స్ అంకె.

మొదట్లో ట్రైనర్ 210 అంటే పెడల్స్ 185 అన్నాయి. నలభై నిమిషాలు అయ్యేసరికి ట్రైనర్ అదే 210, పెడల్స్ 168. ఎఫ్‌టీపీ టెస్టు పెడల్స్‌తో మళ్లీ చేస్తే 215 తేలింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి, అసలు మోసం బయటపడేది ఇక్కడే. కాలి బలం పెడల్ నుంచి చైన్ మీదుగా చక్రానికి చేరేలోపు రాపిడికి కొంత పోతుంది, మామూలుగా రెండు నుంచి నాలుగు శాతం. అందుకని ట్రైనర్ అంకె పెడల్స్ అంకె కంటే కాస్త తక్కువ ఉండాలి. నాది ఏకంగా నలభై ఎక్కువ. పెడల్ దగ్గర పుట్టని పవర్ రోలర్ దగ్గరికి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

మర్నాడు ఇంకో పని చేశాను. ఎర్గ్ మోడ్ (పెట్టిన వాట్లకి తగ్గట్టు ట్రైనరే రెసిస్టెన్స్ మార్చుకునే పద్ధతి) ఆపేసి, రెసిస్టెన్స్ ఒకచోట ఉంచి, ఒకే గేరులో నిమిషానికి 90 తిప్పుతూ తొక్కాను. మధ్యలో దిగి రోలర్ మరని అర చుట్టు బిగించి, మళ్లీ అదే గేరు, అదే 90. కాళ్లకి బరువు తెలుస్తోంది, పెడల్స్ అంకె దాదాపు 20 వాట్లు పెరిగింది. ట్రైనర్ అంకె కదల్లేదు! టైరులో కొంచెం గాలి తీసేసినా అదే కథ. అంటే ఆ పెట్టెలో బలాన్ని కొలిచే స్ట్రెయిన్ గేజ్ లాంటిది ఏమీ లేదు. చక్రం వేగం చూసి "ఇంత వేగానికి ఇన్ని వాట్లు అయి ఉండాలి" అని ఊహించి చూపిస్తోంది. ఆ ఊహ నిజమవ్వాలంటే టైరు, గాలి, మర బిగింపు, వేడి అన్నీ వాళ్లు ఫ్యాక్టరీలో అనుకున్నట్టే ఉండాలి. టైరు వేడెక్కితే రాపిడి తగ్గుతుంది, అందుకే నలభై నిమిషాలకి తేడా అంతకంతకూ పెరిగింది.

అమ్మినవాళ్లకి రెండు అంకెలూ కనిపించే వీడియో పంపాను. ముందు స్పిన్‌డౌన్ చెయ్యమన్నారు. తర్వాత ఫర్మ్‌వేర్ అప్‌డేట్. మూడో మెయిల్‌లో అసలు సంగతి చెప్పారు: ఈ మోడల్ "వేగం ఆధారంగా పవర్‌ని లెక్కిస్తుంది", ±2 శాతం అన్నది వాళ్లు సూచించిన టైరుతో, వాళ్లు చెప్పిన గాలితో, స్పిన్‌డౌన్ చేసిన వెంటనే మాత్రమే. అదంతా మాన్యువల్ చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ఆ చుక్క గుర్తు దానికే. ఇది తయారీ లోపం కాదు కాబట్టి వాపసు లేదట. ఐదు నెలలు వాడాను కదా అని కూడా గుర్తుచేశారు. నిజమే, నాకు తెలియడానికే ఐదు నెలలు పట్టింది.

కాబట్టి కొనేముందు ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: "ఇది పవర్‌ని సెన్సర్‌తో కొలుస్తుందా, వేగాన్ని బట్టి లెక్కిస్తుందా?" ఫోన్‌లో చెప్పిన జవాబు జవాబు కాదు. డొంకతిరుగుడుగా మాట్లాడితే అది రెండోదే అనుకోండి. వెనక చక్రం తీసి నేరుగా చైన్ తగిలించే డైరెక్ట్ డ్రైవ్ రకానికి టైరు గొడవ లేదు కాబట్టి ఊహ కూడా చాలావరకు నిలకడగా ఉంటుంది. వాటికైతే క్యాసెట్ (వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తి) తోపాటు వస్తుందా, ఫ్రీహబ్ (ఆ గుత్తిని ఎక్కించే భాగం) మీ క్యాసెట్‌కి సరిపోతుందా, మీ సైకిల్ ఇరుసుకి అడాప్టర్ ఉందా అన్నవి చూసుకోండి. ఇప్పటికే ఇలాంటిది కొనేసి ఉంటే, వాపసు గడువు దాటకముందే ఎవరిదైనా పవర్ మీటర్ అరువు తెచ్చి ఆ మర పరీక్ష చెయ్యండి. ఎడమ కాలిని మాత్రమే కొలిచి రెట్టింపు చేసే మీటర్ అయితే అంకెని కొంచెం అనుమానంతోనే చూడాలి, కానీ 40 వాట్ల తేడా మాత్రం దాగదు.

ఒక మాట ఒప్పుకోవాలి, ఆ ట్రైనర్ తొక్కడానికి బాగానే ఉంది. పెద్దగా చప్పుడు లేదు, కదలదు. "పవర్ మీటర్ ఉంది" అనకుండా అమ్మి ఉంటే ఈ పోస్టు రాసేవాణ్ణే కాదు. వేరేవాళ్లకి అంటగట్టడం ఇష్టంలేక నేనే ఉంచుకున్నాను. విడిగా పెడల్స్ కొని, యాప్‌లో పవర్ పెడల్స్ నుంచి, రెసిస్టెన్స్ ట్రైనర్ నుంచి అని పెట్టుకున్నాను. ఎఫ్‌టీపీ 215 మీదే ట్రైనింగ్ జోన్‌లన్నీ (ఎంత గట్టిగా తొక్కాలో చెప్పే వాట్ల మెట్లు) మార్చాను. ఆన్‌లైన్ రేసుల్లో మళ్లీ వెనక గుంపే.