లానా డెల్ రే 'అల్ట్రావయొలెన్స్': దిగులు కావాలంటే ఇదే వినండి

అమెరికన్ సింగర్ లానా డెల్ రే ఆల్బమ్స్‌లో ఏది బెస్ట్ అని ఫ్యాన్స్ మధ్య గొడవ ఎప్పుడూ ఉండేదే, చాలామంది 2012 నాటి బార్న్ టు డై అంటారు గానీ నా ఓటు మాత్రం 2014లో వచ్చిన అల్ట్రావయొలెన్స్‌కే. బార్న్ టు డైలో వయొలిన్లు, హిప్‌హాప్ బీట్లు తెగ దట్టించారు, ఇక్కడ అవి బాగా తగ్గించేసి, బ్లాక్ కీస్ అనే రాక్ బ్యాండ్‌కి చెందిన డాన్ ఆవర్‌బాక్ ప్రొడక్షన్‌లో ఎక్కువగా గిటార్ల మీద నడిపించారు. ఇందులో వెస్ట్ కోస్ట్ పాట వినండి, ఎవరి పాటైనా కోరస్ వచ్చేసరికి ఊపందుకుంటుంది కదా, ఇది రివర్స్, టెంపో ఒక్కసారిగా పడిపోయి మత్తుగా ఈడ్చుకుంటూ పోద్ది, రేడియో కోసం పాట చేసేవాడెవడూ ఆ సాహసం చెయ్యడు. బ్రూక్లిన్ బేబీ పాటలో రాక్ సింగర్ లూ రీడ్ పేరొస్తుంది, ఆయనతో పని చేద్దామని న్యూయార్క్‌లో దిగిన రోజే ఆయన పోయాడని ఆవిడే చెప్పింది, అది తెలిశాక ఆ లైన్ వినడం కష్టమే బాబూ.

పేచీ అంతా టైటిల్ సాంగ్ లిరిక్స్‌తోనే. కొట్టడాన్ని ముద్దుతో పోల్చే లైన్ ఒకటుంది, "అది పాటలో క్యారెక్టర్ మాట అండీ" అని ఫ్యాన్స్ ఎంత సర్దిచెప్పినా నాకు మింగుడుపడలా. ఆవిడక్కూడా నచ్చలేదేమో, ఆ లైన్ ఇక పాడట్లేదని 2017లో తనే చెప్పింది. మిగతాదంతా రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాల్సిన సరుకు, జిమ్‌లో మాత్రం పెట్టకండి, నిద్రొచ్చేస్తుంది.