ఆంక్షలా, స్వేచ్ఛా? తీవ్రవాదాన్ని నిలువరించే రెండు మార్గాలు

హింసాత్మక తీవ్రవాదాన్ని అరికట్టడానికి వర్ధమాన దేశాల ముందు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి: మతాచరణపైనే ఆంక్షలు విధించడం ఒకటి, ఆ స్వేచ్ఛను కాపాడుతూ నేరాన్ని మాత్రమే శిక్షించడం మరొకటి.

మొదటిదానికి తజికిస్తాన్ స్పష్టమైన ఉదాహరణ. 2011లో చేసిన చట్టం ద్వారా, అంత్యక్రియల సందర్భాల్లో తప్ప, 18 ఏళ్లలోపు వారు మసీదుకు వెళ్లడాన్ని ఆ దేశం నిషేధించింది. ఇది త్వరగా అమలయ్యే పద్ధతే. అయితే నిషేధం బోధనను ఆపదు, జవాబు చెప్పే పెద్దలు లేని చాటుకు తరలిస్తుంది. నైజీరియాలో 2009లో బోకో హరామ్ అనే సాయుధ తీవ్రవాద సంస్థ నాయకుడు మహమ్మద్ యూసుఫ్ పోలీసు కస్టడీలో హతుడయ్యాక ఆ సంస్థ మరింత క్రూరంగా తిరిగి లేచింది. అది అంతకుముందే హింసకు దిగిందన్నది నిజమే గాని, విచారణ లేని శిక్ష దాన్ని ఆపలేదు.

హైదరాబాద్‌కు ఈ చర్చ పరాయిది కాదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక అదుపులోకి తీసుకున్న ముస్లిం యువకుల్లో పలువురు చివరికి నిర్దోషులుగా బయటపడ్డారు. వారి కుటుంబాలు కోల్పోయిన నమ్మకాన్ని ఏ పరిహారమూ పూర్తిగా తిరిగి తేలేదు.

రెండో మార్గం నిదానమైనది, ఓపిక కోరేది. స్వేచ్ఛ ఉన్నచోట సర్దుబాటూ సాధ్యమేనని హైదరాబాదే చూపింది. 2023 సెప్టెంబర్ 28న గణేశ్ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ ఒకే రోజున వచ్చినప్పుడు, ఈ నగరపు ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. రాజ్యాంగంలోని 25వ అధికరణం శాంతిభద్రతలకు లోబడి మతస్వేచ్ఛను ఇస్తుంది గనుక, సాక్ష్యాధారాలతో నేరస్థుణ్ణి పట్టుకునే అధికారం ఈ మార్గంలోనూ పోలీసులకు ఉంటుంది. నేను నిస్సంకోచంగా దీనినే ఎంచుకుంటాను.