స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్: అంతా బాగుంది, వాలుయీజీ ఏడీ?

2018లో వచ్చిన ఈ నింటెండో స్విచ్ ఫైటింగ్ గేమ్‌లో డీఎల్‌సీ (విడిగా కొనే అదనపు ఫైటర్లు) కలిపి 89 మంది ఫైటర్లు. కుండీలో ఉండే మొక్క పిరాన్హా ప్లాంట్‌కు కూడా చోటు దొరికింది. మారియో ఆటల్లోని వాలుయీజీ మాత్రం అసిస్ట్ ట్రోఫీలోనే (కాసేపు వచ్చి సాయం చేసి వెళ్లే పాత్రగా) మిగిలాడు. ఇదేం న్యాయం?

2000లో మారియో టెన్నిస్‌తో వచ్చినవాడు. దెబ్బలకు కరువేం లేదు. ట్రోఫీగా వచ్చినప్పుడు ప్రత్యర్థిని తొక్కి నేలలో పాతి రాకెట్‌తో కొడతాడు. అతన్ని ఫైటర్‌ని చేస్తే దాన్నే సైడ్ స్పెషల్ (పక్కకు నొక్కి వేసే ప్రత్యేక దెబ్బ) చేయొచ్చు. చిక్కేంటంటే, డ్యామేజ్ శాతం (తిన్న దెబ్బల లెక్క) పెరిగేకొద్దీ పాతుకుపోయినవాడు బయటపడటానికి ఎక్కువసేపు పడుతుంది. 100 దాటాక తొక్కుడు తగిలితే రాకెట్ దెబ్బకు ఆట ఖతం. అందుకే తొక్కుడు మొదలవడానికి 20 ఫ్రేములు, అంటే సెకనులో మూడో వంతు పెడితే చూసి తప్పించుకోవచ్చు. రాకెట్ ప్రొజెక్టైల్స్‌ను (దూరం నుంచి విసిరేవాటిని) తిప్పికొట్టాలి. 2004 మారియో పవర్ టెన్నిస్‌లో కోర్టు మీదే నీళ్లలో ఈదేవాడు కదా, అదే రికవరీ (స్టేజ్ బయట పడ్డాక తిరిగి వచ్చే కదలిక): అడ్డంగా చాలా దూరం, పైకి మాత్రం తక్కువ.

ఆన్‌లైన్ ఈ గేమ్ బలహీనత. వైఫై వదిలేసి డాక్‌కు (స్విచ్‌ను టీవీకి కలిపే స్టాండ్) ల్యాన్ కేబుల్ పెట్టండి, లేదంటే ఇన్‌పుట్ ఆలస్యం ఏడిపిస్తుంది.

సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి చోట దిగుమతి కార్ట్రిడ్జ్ కొనేవాళ్లు ముందు రీజియన్ చూసుకోండి. కార్ట్రిడ్జ్ ఏ స్విచ్‌లోనైనా ఆడుతుంది (చైనా వెర్షన్ సంగతి వేరు), కానీ డీఎల్‌సీ కొనే ఈషాప్ (నింటెండో ఆన్‌లైన్ దుకాణం) అకౌంట్ రీజియన్ దానికి సరిపోతేనే మంచిది. లేకపోతే ఫైటర్స్ పాస్ (డీఎల్‌సీ ఫైటర్ల ప్యాక్) డబ్బులు మూసీలో పోసినట్టు కావచ్చు.