"కంటెంట్ క్యూరేషన్ ప్యాకేజీ" అన్నారంటే జాగ్రత్త, డబ్బులు కట్టకముందే ఇది చదవండి

నిన్న రాత్రంతా నిద్ర లేదు, ఇంకా కోపంలోనే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఆన్‌లైన్‌లో చీరలో పచ్చళ్ళో అమ్ముకునే మనందరికీ, మన పేజీకి పోస్టులు తామే పెడతామనే ఏజెన్సీ మెసేజ్ వచ్చే ఉంటుంది, "నెలకి ఇరవై పోస్టులు, మీరు ఫోన్ కూడా పట్టుకోనక్కర్లేదు" అని. నేను ఆ ప్యాకేజీ తీసుకున్నాను. నెలకి 18,000 చొప్పున మూడు నెలలకి 54,000 ముందే కట్టేశాను. మాది మంగళగిరి చీరల పేజీ, నాలుగేళ్ళుగా నేనే ఫోటోలు తీసుకుంటూ నడుపుకుంటున్నాను.

క్యూరేషన్ అంటే ఏంటని ఏజెన్సీ అతన్ని అడిగితే, చేనేత మీద బయట మంచి వీడియోలు చాలా ఉన్నాయి మేడమ్, వాటిలో ఏరి మీ కస్టమర్లకి నచ్చేవి పెడతాం అన్నాడు. పద్ధతిగా చేస్తే అది మంచి పనే. వీడియో తీసినవాళ్ళ పోస్టునే షేర్ చెయ్యొచ్చు, అడిగి పెట్టుకోవచ్చు, అది మనకెందుకు నచ్చిందో సొంతంగా నాలుగు మాటలు రాయొచ్చు. నేను అలాగే చేస్తారనుకున్నాను. మొదటి నెల వ్యూస్ పెరిగాయి, సంతోషపడ్డాను, ఒక్కో పోస్టూ తెరిచి చూడలేదు. ఆ తప్పు నాదే, ఎవరి మీదా నెట్టను.

మొన్న ఆదివారం ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. "అది మా అమ్మ చెయ్యి అక్కా. మీ మగ్గం అని ఎట్ల రాసిన్రు?"

ఏ వీడియోనా అని వెతికి చూస్తే, ఒకావిడ ఆసు పోస్తోంది, అంటే నేతకి ముందు దారం చుట్టే పని. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులున్న చట్రం, వాటి చుట్టూ దారం తిప్పుతూ అటూ ఇటూ ఆగకుండా కదిలే చెయ్యి, మోచేతి దగ్గర పాత పచ్చబొట్టు. కింద మా పేజీ పేరుతో "మా మంగళగిరి మగ్గాల నుంచి మీ ఇంటికి" అని రాశారు. చేనేత తెలిసిన వాళ్ళెవరికైనా చూడగానే అర్థమవుతుంది, ఆసు పోసేది పోచంపల్లి వైపు, నేతకి ముందే దారానికి రంగులద్దే ఇక్కత్ చీరలకి, మా మంగళగిరి నిజాం అంచు చీరకి దాంతో పనే లేదు. ఒక్క చీరకి ఆ చెయ్యి 9,000 సార్లు తిరగాలంటారు. తన తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు ఈ పని చేసే లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది ఆయనకి. అలాంటి కష్టం తీసుకొచ్చి నా సరుకు అమ్ముకోవడానికి పెట్టారు. ఆ అమ్మాయి అసలు వీడియో పంపింది, కింద మూలన వాళ్ళ పేజీ పేరు ఉంది. మా పేజీలో సరిగ్గా ఆ మూల కత్తిరించేసి ఉంది.

వెంటనే ఏజెన్సీకి ఫోన్ చేశాను. ముందు "క్రెడిట్ ఇచ్చాం కదా మేడమ్" అన్నాడు. ఎక్కడ ఇచ్చారంటే ముప్పై హ్యాష్‌ట్యాగుల చివర "సర్వహక్కులు అసలు యజమానివే" అని ఒక ముక్క ఉంది, ఆ యజమాని ఎవరో పేరు లేదు. "అందరూ ఇదే చేస్తారు, వాళ్ళకీ ఫ్రీ పబ్లిసిటీనే" అన్నాడు. మరి కాపీరైట్ ఫిర్యాదు వస్తే ఎవరు చూసుకుంటారని అడిగాను. "పేజీ మీది కదా మేడమ్, సమాధానం మీరే చెప్పుకోవాలి, అగ్రిమెంట్ చదువుకోండి" అని ఫోన్ పెట్టేశాడు. చదివాను. మూడో పేజీలో నిజంగానే ఉంది. మూడు నెలలు నన్ను మేడమ్ మేడమ్ అంటూ తిరిగినవాడు ఆ ఒక్క మాటతో నన్ను దొంగని చేసి పక్కకి తప్పుకున్నాడు.

వాళ్ళు పెట్టిన యాభై పైచిలుకు పోస్టులూ కూర్చుని తీసేశాను, వాటిలో మా చీర కనిపించేవి ఆరే ఆరు. మూడింటి మీద అప్పటికే ఫిర్యాదులొచ్చాయి. తర్వాత మా రీచ్, అంటే పోస్టులు చేరే జనం, ఎందుకు పడిపోయిందో కూడా ఇప్పుడు తెలిసింది, పక్కవాళ్ళ వీడియోలు 30 రోజుల్లో పదిసార్లో అంతకన్నా ఎక్కువో పెట్టే ఖాతాలని కొత్తవాళ్ళకి సిఫారసు చెయ్యడం ఆపేస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2024లోనే చెప్పిందట. యూట్యూబ్‌లో అయితే 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానెలే పోవచ్చు. తెలిసిన లాయర్ గారిని అడిగితే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పేరు వేసినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు, సమీక్షకి, విమర్శకి కొంత మినహాయింపు ఉంది గానీ చీరలమ్ముకోవడానికి లేదు అన్నారు.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. వాళ్ళమ్మ ఫోన్ తీసుకుని "తీసేసినవ్ గద బిడ్డా, ఇంక ఏడ్వకు" అంది. తిట్టినా ఇంత బాధ అనిపించేది కాదు. వాళ్ళ పేరు, ఊరు చెప్పి, వాళ్ళకి నచ్చిన మాటల్లోనే తప్పు ఒప్పుకుంటూ పోస్టు పెడతానన్నాను, రాసి పంపాను, వాళ్ళు చూసి సరే అనగానే పెడతాను.

ఎవరైనా ఈ ప్యాకేజీ అమ్మడానికి వస్తే, ప్రతి వీడియోకి అసలు వాళ్ళ అనుమతి మెసేజ్ చూపించమనండి, పోస్టు పెట్టేముందు మీరు చూసి సరేనన్నాకే పెట్టాలని, ఫిర్యాదు వస్తే బాధ్యత ఏజెన్సీదే అని రాయించుకోండి, మూడు నెలలది ముందే కట్టకండి. ఇప్పటికే పేజీ వాళ్ళ చేతికి ఇచ్చేసినవాళ్ళు ముందు సెట్టింగ్స్‌లో అడ్మిన్లు ఎవరెవరున్నారో చూసుకోండి, నా పేజీలో వాళ్ళ ఇద్దరు మనుషులు ఇవాళ పొద్దున్న నేను తీసేసేదాకా అలాగే ఉన్నారు.