బ్లూబెర్రీ తోటలో ఓడదొంగల వెండి

బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లం వేసవి రాగానే పిల్లల్ని తీసుకుని పండ్లు కోసుకునే తోటలకు వెళ్తుంటాం. ఈసారి కాస్త దూరమైనా రోడ్ ఐలండ్‌లోని మిడిల్‌టౌన్‌కి వెళ్లండి. అక్కడి స్వీట్ బెర్రీ ఫామ్‌లో 2014లో జిమ్ బెయిలీ అనే ఆయన మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతుంటే చిన్న వెండి నాణెం దొరికింది. దాని మీద అరబిక్ అక్షరాలు. 1693లో యెమెన్‌లో ముద్రించిన నాణెం అది.

ఇక్కడికెలా వచ్చింది? బెయిలీ చెప్పే కథ మన వైపు సముద్రంలోనే మొదలవుతుంది. 1695 సెప్టెంబర్‌లో మక్కా యాత్రికులతో సూరత్‌కి తిరిగొస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయి మీద ఇంగ్లీషు ఓడదొంగ హెన్రీ ఎవరీ ముఠా పడింది. బంగారం, వెండి దోచుకోవడమే కాదు, ఓడలోని ఆడవాళ్లపై అత్యాచారాలు చేసింది. తర్వాత ముఠాలో ఐదుగురిని లండన్‌లో ఉరి తీశారు. ఎవరీ మాత్రం ఎవరికీ చిక్కలేదు. అతని మనుషులు కొందరు ఈ తీరానికి చేరి ఆ సొమ్ము ఖర్చుపెట్టారని బెయిలీ వాదన. అలాంటి నాణేలు మసాచుసెట్స్, కనెక్టికట్‌లలో కూడా బయటపడ్డాయి కాబట్టి నాకు అది బలమైన వాదనే అనిపిస్తుంది.

మేం వెళ్లింది బ్లూబెర్రీల కాలంలో. పొదలు నడుం ఎత్తున ఉండటంతో వంగే పని లేదు. కాయ మీది బూడిదరంగు పూత వేలితో తుడిస్తే లోపల నల్లగా మెరుస్తుంది. అక్కడివాళ్లు ఓపిగ్గా మాట్లాడారు. మెటల్ డిటెక్టర్ మాత్రం తీసుకెళ్లకండి, అది వాళ్ల సొంత భూమి. బెయిలీ కూడా అనుమతి తీసుకునే వెతికాడు.

బసకి మిడిల్‌టౌనే నయం. మొదటి రాత్రి పక్కనే ఉన్న న్యూపోర్ట్ ఊళ్లో హార్బర్ దగ్గర ఒక పాతకాలం ఇంట్లో దిగాం. రేటు మండిపోయింది, పార్కింగ్‌కి వేరే డబ్బులు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య ఆ ఇరుకు మెట్లు ఎక్కలేక అల్లాడిపోయింది. మర్నాడు మిడిల్‌టౌన్ మెయిన్ రోడ్డు మీది మోటెల్‌కి మారాం. గది ముందే కారు, లోపల మైక్రోవేవ్. తెచ్చుకున్న పులిహోర వేడి చేసుకుని హాయిగా తిన్నాం.

న్యూపోర్ట్‌లో సముద్రం అంచున సాగే నడకదారి క్లిఫ్ వాక్ ఉచితం, తప్పక నడవండి. 1723లో 26 మంది ఓడదొంగల్ని ఉరి తీసిన ఊరిది. దుకాణాల నిండా పుర్రె బొమ్మల టీషర్టులు చూస్తుంటే నాకు ఆ హజ్ యాత్రికులే గుర్తొచ్చారు, ఏదీ కొనబుద్ధి కాలేదు.

ఇంకో రోజు ఉంటే కేప్ కాడ్‌లో వైదా అనే ఓడ మ్యూజియంకి వెళ్లండి. బానిసల రవాణాకి కట్టిన ఆ ఓడను శామ్ బెల్లమీ అనే ఓడదొంగ పట్టుకున్నాడు. 1717లో తుఫానుకి మునిగింది, 1984లో ఆచూకీ దొరికింది. ఇసుక, తుప్పు కలిసి బండల్లా గడ్డకట్టిన ముద్దలు అక్కడున్నాయి. వాటికి ఎక్స్‌రే తీసి, లోపల ఏముందో చూసుకుంటూ మెల్లగా ఒలుస్తారు. ఒక ముద్దలోంచి బయటికొచ్చిన నాణెం అంచు చూసి మా పిల్లలు అక్కణ్నుంచి కదల్లేదు. టికెట్ ఖరీదే, అయినా ఆ ముద్దల కోసమైనా పెట్టొచ్చు. ఒక్కరోజే ఉంటే మాత్రం నా ఓటు తోటకే.

బోస్టన్ నుంచి రూట్ 24 మీదుగా వస్తే టోల్ ఉండదు. జేమ్స్‌టౌన్ వైపు నుంచి వస్తే న్యూపోర్ట్ బ్రిడ్జి దగ్గర కట్టాలి.