మరమరాల మార్స్ బార్ స్లైస్: ఏళ్ల తరబడి చేసి, తిని చెబుతున్న మాట

ఆస్ట్రేలియాలో పిల్లల పుట్టినరోజులకి ఇళ్లల్లో చేసుకునే స్వీట్ ఇది. మార్స్ బార్లూ వెన్నా కరిగించి, అందులో రైస్ బబుల్స్ (మరమరాల్లాంటి బియ్యపు సీరియల్) కలిపి, ట్రేలో అదిమి, పైన కరిగించిన చాక్లెట్ పోసి, గట్టిపడ్డాక ముక్కలు కోస్తారు. ఓవెన్ అక్కర్లేదు. బరంపురంలో మా ఇంట్లో ఇది ఇన్నేళ్లు నిలవడానికి మొదటి కారణం అదే.

మార్స్ బార్‌ని ఫారెస్ట్ మార్స్ 1932లో ఇంగ్లండ్‌లోని స్లౌలో మొదలుపెట్టాడు. లోపల మెత్తటి నూగట్ (చక్కెర, గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి చేసే తీపి ముద్ద), దాని మీద కారమెల్, చుట్టూ మిల్క్ చాక్లెట్. ఇక్కడ వీధి చివరి కిరాణాకొట్లో దొరికేది ఫైవ్ స్టార్. మార్స్ బదులు దాంతోనూ పని బాగానే జరుగుతుంది. నాకు మాత్రం స్నికర్స్‌తో చేసిందే ఇష్టం. అందులోని వేరుశనగపప్పు పంటికింద పడుతుంటే తీపి మొహం మొత్తదు.

కరిగించే దగ్గర మాత్రం ఓపిక కావాలి. నాలుగు బార్లకి 60 గ్రాముల వెన్న వేసి స్టవ్ సిమ్‌లో పెడితే ముందు చాక్లెట్, తర్వాత కారమెల్ కరుగుతాయి. నూగట్ ఒక పట్టాన లొంగదు. ఒక దశలో గిన్నె మధ్యలో గోధుమరంగు ముద్ద, చుట్టూ పసుప్పచ్చగా తేలిన వెన్న కనిపిస్తాయి. పాడైపోయిందని టెన్షన్ పడి పారేయకండి. ఒక చెంచా వేడి పాలు పోసి గట్టిగా గిలక్కొడితే దగ్గరపడి మళ్లీ నిగనిగలాడుతుంది.

రైస్ బబుల్స్ కోసం వెతకనక్కర్లేదు, మూడు కప్పుల మరమరాలు చాలు. మా బజారులో దొరికే ముఢిలో (మరమరాలకి ఒడియా పేరు) కాస్త ఉప్పు ఉంటుంది, అది కారమెల్‌కి భలే కుదురుతుంది. కానీ సముద్రపు గాలికి ఈ ఊళ్లో పొట్లం విప్పిన గంటకే మెత్తబడతాయి. మూకుట్లో నూనె లేకుండా సన్నసెగ మీద వేయించి, రెండు వేళ్ల మధ్య నలిపితే పొడిగా పగిలేదాకా ఆగాలి. పూర్తిగా చల్లారాకే పాకంలో కలపాలి. ఈ ఒక్క పని చేసినవాళ్ల స్లైస్ మూడో రోజుకి కూడా కరకరలాడుతుంది. మా అత్తయ్య మొదటిసారి తిని, "ఇది మరమరాల ఉండే కదే అమ్మా, బెల్లం బదులు చాక్లెట్ పోశావు" అంది. అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

లోపం చెప్పాలంటే తీపి ఎక్కువ. పైపొర కూడా మిల్క్ చాక్లెట్‌తోనే వేస్తే రెండో ముక్క తినలేం. నేను డార్క్ చాక్లెట్ పలచగా పోస్తాను. దాన్ని కరిగించే గిన్నెలో నీటి చుక్క పడకూడదు, పడితే గట్టిపడి ఇసకలా అయిపోతుంది. ముక్కలు మైసూర్‌పాక్ సైజుకి కాదు, అందులో సగానికి కోయండి. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే ఈ ట్రే వాళ్ల కంటపడనివ్వకండి, ఆ చిన్న ముక్కలోనూ అంత చక్కెర ఉంది.

ఇదే మార్స్ బార్‌ని 1990ల్లో స్కాట్లండ్‌లోని స్టోన్‌హేవెన్‌లో పిండిలో ముంచి నూనెలో వేయించారు, అదీ పేరు తెచ్చుకుంది. ఆ నూనె వేపుడు నాకు నచ్చలేదు. కారమెల్ కారిపోయి నాలిక కాలుతుంది.

ఏసీ లేని కొట్లో కొన్న బార్ల మీద తెల్లటి పొర కనిపిస్తుంటుంది. కరిగిన కోకో వెన్న పైకి తేలి మళ్లీ గడ్డకట్టడం వల్ల వచ్చేది అది, బూజు కాదు. ఎలాగూ కరిగించేస్తాం కాబట్టి గడువు తేదీ దాటకపోతే నిక్షేపంగా వాడుకోవచ్చు.

కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో మా ఊరి మధ్యాహ్నాలు దాన్ని దాటిపోతాయి. అందుకని ఎండాకాలంలో ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా ప్లేట్లో పెట్టడమే, గోపాల్‌పూర్ బీచ్‌కి డబ్బాలో కట్టుకెళ్లాలంటే డిసెంబరు, జనవరి నెలలే మంచివి.